గుర్రపుశాలలో ఒక నోటుపుస్తకం

హైదరాబాద్, మలక్‌పేట

మేఘనా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మొదటిసారి నీ కోపమే వినబడింది. మళ్లీ వింటే గానీ సంగతి బోధపడలేదు. స్నేహితురాలి గుర్రాన్ని చూడ్డానికి వెళ్లి, దాని మెడ నిమిరి, అట్నుంచి అటే నీ రైడింగ్ స్కూల్‌కి వెళ్లావు. మీ కోచ్ గేటు దగ్గరే ఆపేసి, బూట్లు మార్చుకుని మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని రమ్మంది. నీ దగ్గర వేరే బూట్లు లేవు. ఆ పూట క్లాసు పోయింది. "నా నుంచి గుర్రానికి జబ్బేంటి తాతయ్యా, నేనేమన్నా గుర్రాన్నా?" అని కదా నీ ప్రశ్న.

జబ్బు నీకు రాదు తల్లీ, నిన్ను పట్టుకుని ఇంకో శాలకి వెళ్తుంది. ఆవిడ అంత పట్టుదలగా ఉండటానికి కారణమైన కథ మొదలైంది కూడా మీ ఇంటి పక్కనే. సిడ్నీలో మీ బ్లాక్‌టౌన్ దగ్గర ఈస్టర్న్ క్రీక్ ఉంది చూడు, విదేశాల నుంచి విమానంలో సిడ్నీకి వచ్చిన గుర్రాల్ని అప్పట్లో అక్కడి క్వారంటైన్ కేంద్రంలోనే ఉంచేవారు. నువ్వు పుట్టక ముందు మాట, 2007 ఆగస్టు.

ఆ నెలలో జపాన్‌లో గుర్రాలకి ఫ్లూ వచ్చింది. అదే సమయంలో అక్కడి నుంచి జాతి గుర్రాలు కొన్ని సిడ్నీలో దిగాయి. సంతానోత్పత్తి కోసం ఏటా ఈ ఖండం నుంచి ఆ ఖండానికి తిప్పే ఖరీదైన మగ గుర్రాలవి. వాటిలో వైరస్ ఉంది. క్వారంటైన్ అంటే ఇలాంటివి బయటపడేదాకా ఆపి ఉంచడానికే కాబట్టి, అంతవరకూ ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ వైరస్ గోడ దాటింది. ఎవరి చేతి మీద, ఏ పగ్గం మీద, ఏ చొక్కా మీద దాటిందో ఈనాటికీ ఖాయంగా తేలలేదు. తర్వాత విచారణ చేసిన మాజీ హైకోర్టు న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టులాంటిది) ఇచ్చిన నివేదికలో తేల్చింది ఇంతే: కలుషితమైన మనిషో సామానో బయటికి వెళ్లి ఉండాలి. లోపల పనిచేసి వెళ్లేవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లాలన్న కట్టుబాటు ఎవరూ సరిగ్గా అమలు చేయలేదు. మీ కోచ్ గేటు దగ్గర నిన్ను అడిగింది కూడా అదే. కోట్ల విలువ చేసే గుర్రాలున్న చోట అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆగస్టు మూడో వారాంతంలో, సిడ్నీకి ఉత్తరాన మైట్లాండ్ దగ్గర ఒక పోటీ జరిగింది. నీలాంటి పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, ట్రైలర్లలో గుర్రాల్ని తెచ్చుకుని, పక్కపక్కనే కట్టేసి, ఒకే తొట్టిలో నీళ్లు పెట్టి, సాయంత్రానికి తలో దిక్కుకీ వెళ్లిపోయారు. గుర్రపు ఫ్లూ ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. అంటే వాళ్లు ఇళ్లకి చేరి, జీను విప్పి, దాణా వేసి, పక్క కొట్టంలో గుర్రాన్ని కూడా ఒకసారి పలకరించేసరికి జబ్బు పాకడం మొదలైంది. ఆగస్టు 24న సిడ్నీ నడిబొడ్డున సెంటెన్నియల్ పార్క్ శాలల్లో రోగనిర్ధారణ అయింది. మర్నాడు ఆస్ట్రేలియా అంతటా ఒకటే ఆజ్ఞ: ఏ గుర్రమూ ఉన్నచోటు నుంచి కదలకూడదు.

కరోనాలో మీ స్కూలు మూసేసినట్టే అనుకో, కాకపోతే గుర్రాలకి.

క్వీన్స్‌లాండ్‌లో వార్విక్ అనే ఊరు ఉంది. అక్కడి మోర్గాన్ పార్క్‌లో ఆజ్ఞ వచ్చిన ఆ వారాంతమే ఇంకో పోటీ. మైట్లాండ్ వెళ్లొచ్చిన గుర్రాలు కొన్ని అక్కడికీ వచ్చాయి. ఆజ్ఞ రాగానే గేట్లు మూశారు. రెండు రోజుల పోటీకని వచ్చినవాళ్లు గుర్రాలతో పాటు వారాల తరబడి ఆ మైదానంలోనే, టెంట్లలో, ట్రక్కుల్లో ఉండిపోయారు. బయట ఉద్యోగం ఉంది, ఇంట్లో పసిపిల్లలున్నారు, అయినా కదలడానికి వీల్లేదు. ఒకవైపు ఒక గుర్రం దగ్గడం మొదలుపెడుతుంది, మూడో రోజుకి దాని పక్కది. ఈ జబ్బు దగ్గు ఒక్కసారి వింటే మరిచిపోలేవు. కఫం తెగని పొడి దగ్గు, మెడ కిందికి చాపి, పొట్ట ఎగిసిపడేలా దగ్గుతుంది. ముక్కు మొదట నీళ్లలా కారుతుంది, తర్వాత చిక్కబడుతుంది. చెవులు వాలిపోతాయి. దాణా వాసన చూసి తల తిప్పేస్తుంది. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతుంటుంది, 40 డిగ్రీలు దాటడం మామూలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఫ్లూతో గుర్రాలు చచ్చిపోవడం అరుదు. పసి గుర్రప్పిల్లలకీ, ముందే నీరసించిన వాటికీ ప్రమాదం గానీ, ఆరోగ్యమైన గుర్రం విశ్రాంతి ఇస్తే లేచి తిరుగుతుంది. జ్వరం ఉన్న ప్రతి రోజుకీ ఒక వారం చొప్పున విశ్రాంతి ఇవ్వాలని మా పశువైద్యుల లెక్క. ఆ లెక్క తప్పించి ముందే పరుగెత్తిస్తే ఊపిరితిత్తులూ గుండే దెబ్బతింటాయి. కోలుకున్నాక ఆ గుర్రం జీవితాంతం వైరస్ మోస్తూ తిరగదు కూడా. మరి అంత హడావుడి దేనికంటావా? ఆస్ట్రేలియాలో అంతకుముందు ఈ జబ్బే లేదు. అక్కడి గుర్రాలకి మామూలుగా టీకా వేసేవారు కాదు, వాటి ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు. వదిలేస్తే ఖండమంతా పాకేది. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లోనే 9,000కు పైగా పొలాల్లో, శాలల్లో పట్టుకుంది. దాదాపు 70,000 గుర్రాలు జబ్బుపడ్డాయి. గుర్రాలు బతికాయి గానీ ఆట ఆగిపోయింది. ర్యాండ్‌విక్ రేస్‌కోర్సులో పందెపు గుర్రాలకీ సోకింది, సిడ్నీ వసంతకాలపు రేసులు రద్దయ్యాయి. పోనీ క్లబ్బులు మూతపడ్డాయి. లాడాలు కొట్టే నాల్‌బంద్‌కి పని లేదు, ఎందుకంటే ఒక శాల నుంచి ఇంకో శాలకి తిరిగే మనిషే అందరికంటే ప్రమాదకరం. జీనులు కుట్టేవాడికీ, ట్రక్కు తోలేవాడికీ, రోజుకూలీ మీద గుర్రాలు తోమేవాడికీ పూట గడవని పరిస్థితి.

దీన్నుంచి ఎలా బయటపడ్డారన్నదానికి అందరూ టీకా అని చెబుతారు. నిజమే, టీకా గొప్ప పనే చేసింది. లక్షకు పైగా గుర్రాలకి వేశారు. అందులో ఒక తెలివి ఉంది, విను. వాళ్లు ఎంచుకున్న టీకాలో ఫ్లూ వైరస్‌లోని కొద్ది భాగాన్నే వేరే వైరస్ మీద ఎక్కించి ఇచ్చారు. రక్తపరీక్ష చేస్తే, దీనికి జబ్బు వచ్చిందా, టీకా మాత్రమే వేశారా అన్నది విడిగా తెలిసిపోతుంది. ఆ తేడా తెలియకపోతే దేశంలో జబ్బు మిగిలి ఉందో లేదో ఎప్పటికీ నిరూపించలేరు. అయినా నన్నడిగితే టీకాది రెండో స్థానమే. మొదటి స్థానం కాగితానికిస్తాను. ఏ గుర్రం ఏ రోజు ఎక్కడుంది, దాని పక్కన ఏది కట్టేశారు, ఎవరు తాకారు. మైట్లాండ్‌కి ఎవరెవరు వెళ్లారో పేర్లుంటేనే కదా అధికారులు ఫోన్ చేసేది? ఆ చిట్టాలు పట్టుకునే జబ్బు వెంట పరుగెత్తారు. దేశాన్ని రంగుల మండలాలుగా గీశారు. జబ్బు బాగా ముదిరిన చోటుని ఊదా మండలం చేసి, ఎలాగూ అంతటా ఉంది కాబట్టి లోపల లోపల తిరగనిచ్చారు. దాని చుట్టూ ఉన్న ఎర్ర మండలంలో కదలికలు బిగించారు. ఆపైన ఇంకో రంగు, ఇంకో రంగు. మండలం దాటాలంటే అనుమతి కాగితం, పరీక్ష. కట్టుదిట్టం ఎంత నిక్కచ్చిగా చేశారంటే విక్టోరియా రాష్ట్రంలోకి ఒక్క కేసు రాలేదు. ఆ నవంబర్‌లో అక్కడ మెల్బోర్న్ కప్ రేసు జరిగింది కూడా.

ఇంకో మాట పశువైద్యుడిగా చెప్పాలి. జబ్బు ఉందని ఒప్పుకున్నవాడి నోటి దగ్గరి కూడు పోతే, రెండోసారి ఎవడూ ఒప్పుకోడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం జీతాలు పోయిన శాల పనివాళ్లకీ, మూతపడ్డ చిన్న వ్యాపారాలకీ సాయం చేసింది. అది దయాగుణం అనుకోకు, అది రోగనిర్మూలనలో భాగమే. మన దేశంలో 1987లోనూ, 2008లోనూ ఇదే ఫ్లూ, హెచ్3ఎన్8 రకం, వచ్చింది. రెండోసారి జమ్మూ దగ్గర కట్రాలో, వైష్ణోదేవి యాత్రికుల్ని కొండెక్కించే గుర్రాల్లో, కంచరగాడిదల్లో బయటపడింది. ఆ కంచరగాడిద యజమాని ఒక్క రోజు దాన్ని కట్టేస్తే ఆ రోజు పొయ్యి వెలగదు. వాడొచ్చి "నాది దగ్గుతోంది బాబూ" అని ఎందుకు చెబుతాడు? పందెపు గుర్రాల దగ్గరైతే పాస్‌పోర్టులూ, టీకా రికార్డులూ అన్నీ ఉంటాయి. వైరస్ మాత్రం పాస్‌పోర్ట్ ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒకేలా పట్టుకుంటుంది.

ఆస్ట్రేలియాలో 2007 డిసెంబర్ చివరికి కొత్త కేసులు ఆగిపోయాయి. 2008 మధ్యకల్లా కదలికల మీద ఆంక్షలు తీసేశారు. ఆ వెంటనే టీకా వేయడం కూడా ఆపేశారు, చిత్రంగా లేదూ? బ్రిటన్‌లాంటి దేశాలు ఏటా టీకాలు వేసుకుంటూ ఫ్లూతో సహజీవనం చేస్తాయి. అయినా అక్కడ 2019 ఫిబ్రవరిలో ఆరు రోజులు రేసులు ఆపాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా పూర్తిగా తుడిచేద్దామనుకుంది, తుడిచేసింది. చుట్టూ సముద్రం ఉన్న దేశానికి ఆ దారే సరైందని నా అభిప్రాయం. కాకపోతే ఆ దారిలో కాపలా ఎప్పటికీ దిగదు. నీ బూట్లు కూడా ఆ కాపలాలోకే వస్తాయి.

ఆటగాళ్ల సంగతి చెప్పలేదు కదూ. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. గుర్రాల పోటీలు మాత్రం బీజింగ్‌లో కాదు, హాంకాంగ్‌లో పెట్టారు. కారణం మళ్లీ అదే, గుర్రాల ఆరోగ్యానికి భరోసా ఇవ్వగలిగింది అక్కడే. ఈవెంటింగ్ టీమ్ పోటీలో ఆస్ట్రేలియాకి రజతం వచ్చింది. మెగాన్ జోన్స్ దక్షిణ ఆస్ట్రేలియా అమ్మాయి, సోన్యా జాన్సన్ పశ్చిమం నుంచి, ఫ్రెడరిక్స్ దంపతులు ఇంగ్లండ్‌లో ఉండి సాధన చేసేవాళ్లు. అంటే జబ్బు తాకని చోట్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. షేన్ రోజ్ ఒక్కడే న్యూ సౌత్ వేల్స్ వాడు. ఏడాది క్రితం తన రాష్ట్రంలో గుర్రం గడప దాటడానికి వీల్లేని రోజులు చూసినవాడు. మెడల్ ఐదుగురిదీ, నాకు మాత్రం అతని మీదే కాస్త ఎక్కువ అభిమానం.

గుర్రాల క్రీడల్లో ఈ క్వారంటైన్ గొడవ పాతదే. 1956 ఒలింపిక్స్ మెల్బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియా క్వారంటైన్ నియమాలు సడలించనందువల్ల గుర్రాల పోటీలు మాత్రం స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో నడిపారు. ఇక మన పిల్లల కథ నీకు తెలిసిందే. ఫవాద్ మీర్జా జర్మనీలో ఉండి టోక్యో ఒలింపిక్స్‌కి తయారయ్యాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ టీమ్ స్వర్ణం తెచ్చిన నలుగురూ యూరప్‌లో ఉన్న గుర్రాల మీదే సాధన చేశారు. ఇక్కడి నుంచి గుర్రాన్ని బయటికి తీసుకెళ్లాలంటే అంత కష్టం. 2025 జూలైలో మీరట్ కంటోన్మెంట్‌లోని సైనిక పశువైద్య కేంద్రాన్ని గుర్రపు జబ్బులు లేని ప్రాంతంగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఫ్లూతో పాటు గ్లాండర్స్, సుర్రాలాంటివి అక్కడ లేవని ఒప్పుకున్నట్టు. దేశంలో ఒక్క చోటే అయినా, ఆ గేటు తెరుచుకుంటే మన గుర్రం ఇక్కడి నుంచే పోటీకి వెళ్లే రోజు వస్తుంది. ఆ గుర్తింపు వెనక కూడా ఏళ్ల తరబడి చేసిన రక్తపరీక్షలూ, రాసిన రిజిస్టర్లూ ఉంటాయి.

కాబట్టి నువ్వు చేయాల్సింది చెబుతాను. ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనుక్కో. ఫోన్‌లో వద్దు, గుర్రపుశాలలో చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి. నువ్వు ఎక్కే గుర్రం పేరు రాసి, ప్రతిరోజూ దాని జ్వరం, అది ఎంత తిన్నది, దగ్గిందా, లద్దె ఎలా ఉంది అన్నవి రెండు వరుసలు రాయి. నువ్వు ఆ రోజు వేరే ఏ శాలకి వెళ్లావో అదీ రాయి. కొత్త గుర్రం వస్తే తేదీతో సహా, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా. పోటీకి వెళితే పక్క స్టాల్‌లో ఏ గుర్రం ఉందో అడిగి మరీ రాసుకో. ఏమనుకుంటారోనని మొహమాటపడకు. నీ బకెట్టు, నీ పగ్గం, నీ బ్రష్షు ఇంకొకరి గుర్రానికి ఇవ్వకు, వాళ్లవి తీసుకోకు. సబ్బుకి ఈ వైరస్ నిలవదు, కాబట్టి ఒక జత రబ్బరు బూట్లు స్కూల్లోనే వదిలేసి, గేటు దగ్గర కడుక్కుని లోపలికి వెళ్లు.

జ్వరం చూడటం మీ కోచ్ నేర్పిస్తుంది గానీ, నా పద్ధతి ఇది. గుర్రం వెనక నిలబడకు, ఎడమవైపు దాని తుంటికి ఆనుకుని నిలబడు, నువ్వు అక్కడున్నావని దానికి తెలియాలి. ముందు చేత్తో తుంటి మీద రాస్తూ మాట్లాడు. తోకని పక్కకి తప్పించి, థర్మామీటర్ కొనకి కొంచెం వేజలైన్ రాసి నెమ్మదిగా పెట్టు. బీప్ వచ్చేదాకా పట్టుకునే ఉండు. ఎక్కిన వెంటనే చూడకు, పరుగు వేడికి లెక్క తప్పుతుంది. పొద్దున్నే దాణాకి ముందైతే మంచిది. 37.5 నుంచి 38.5 వరకూ మామూలు. అది దాటితే ఎక్కకుండా కోచ్‌కి చెప్పు, ఆ పూట పోటీ ఉన్నా సరే. రోజూ రాస్తే నీ గుర్రానికి మామూలు ఎంతో నీకే తెలుస్తుంది. కొన్నిటికి 37.6 ఉంటుంది, అలాంటిదానికి 38.4 అయినా నేను కంగారుపడతాను.

థర్మామీటర్ వెనక కొసకి ఒక దారం కట్టి, దాని చివర బట్టలారేసే క్లిప్పు పెట్టి, తోక వెంట్రుకలకి తగిలించుకో. జారి గడ్డిలో పడితే వెతకలేవు, లోపలికి పోతే డాక్టర్ని పిలవాలి. అన్నట్టు, ఇంట్లో మీ తమ్ముడికి జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం పట్టుకెళ్లకు. మీ అమ్మ నన్ను తిడుతుంది. వేరేది కొనుక్కో.

తాతయ్య