పాటలకూ చుట్టరికం ఉంటుంది

(సంగీత పాఠం – పదవ తరగతి విద్యార్థి)



మన హాస్టల్ వార్షికోత్సవంలో పాటల వరుస మీ అందరికీ తెలిసిందే. ముందు ప్రార్థన గీతం, తర్వాత కీర్తన, ఆ తర్వాత దేశభక్తి గేయం, తర్వాత సినిమా పాటకు డాన్సు. మన తండా పాట, గూడెం పాట అన్నిటికంటే చివర. అప్పటికి ముఖ్య అతిథి గారు వెళ్ళిపోయి ఉంటారు. సగం మంది పళ్ళాలు పట్టుకుని లైన్లో నిలబడి ఉంటారు. ఎందుకిట్లా అని అడిగితే, "అవి వేరే రకం పాటలు కదరా" అంటారు. నిజంగా వేరే రకమేనా? ఈ పాఠంలో ఆ ఒక్క ప్రశ్ననే తీసుకుంటున్నాను.

ఈ ప్రశ్న నాకు గుడిమల్కాపూర్‌లో పుట్టింది. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర ఉంటుంది ఆ ఊరు. 2009లో జాంబాగ్ పూల మార్కెట్‌ను అక్కడికి మార్చారు. మా కాకా ఆ మార్కెట్‌లో పూల మూటలు దింపే పని చేస్తాడు. సెలవులకు నేను ఆయన దగ్గరికి పోతాను. తెల్లారకముందే బంతి, చామంతి, గులాబీ వచ్చి పడతయి. ఒకే కుప్పలోంచి ఒకరు గుడికి, ఒకరు దర్గాకు, ఒకరు పెళ్ళికి, ఇంకొకరు చావుకు కొనుక్కుపోతారు. పాటల సంగతి కూడా ఇట్లనే ఉంటదని అక్కడే నాకు అనిపించింది. అయితే అనిపిస్తే చాలదు, రుజువు కావాలి. రుజువుకు మూడు దారులున్నాయి. ఒక్కొక్కటి తెలుసుకుందాం.

1. లెక్కపెట్టి చూడటం (లయ)

ఆషాఢంలో బోనాలప్పుడు ఆ వీధుల్లో డప్పు మోగుతుంది. ముస్లింల పెళ్ళి ఊరేగింపులో మర్ఫా మోగుతుంది. ఒకటి అమ్మవారి కోసం, ఇంకొకటి పెళ్ళికొడుకు కోసం. కానీ కాళ్ళు ఆడేది ఒకే దెబ్బకు! ఆ దెబ్బ పేరు తీన్‌మార్. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. నేను వేళ్ళ మీద లెక్కపెట్టిన. ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని రెండు మూళ్ళు కలిసి ఆరుగా తిరుగుతున్నది.

కర్ణాటక సంగీతంలో ఈ మూడు లెక్కను తిస్రం అంటారు. నోటితో "తకిట" అని చెబుతారు. నాలుగైతే చతురశ్రం, అయిదు ఖండం, ఏడు మిశ్రం, తొమ్మిది సంకీర్ణం. హిందుస్తానీ సంగీతంలో మూడు మూడుగా ఆరు మాత్రల తాళాన్ని దాద్రా అంటారు. ఎన్నో ఖవ్వాలీలు, గజళ్ళు దాద్రాలోనే నడుస్తాయి. పేర్లు వేరు, వాయిద్యాలు వేరు, లెక్క మాత్రం ఒక్కటే.

మరి మర్ఫా ఎక్కడిది? ఇది తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. నిజాం సైన్యంలో ఆఫ్రికా సంతతి వారైన సిద్దీలు, యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు పనిచేశారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. చాలామంది ఏసీ అంటే చల్లని మిషన్ అనుకుంటారు. కాదు! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా గుర్రపు దళం. బార్కస్ అనే బస్తీ పేరు కూడా సైనికులుండే బ్యారక్స్ అనే మాట నుంచే వచ్చింది. ఆ సైనికుల వెంట వాళ్ళ వాయిద్యాలూ వచ్చాయి. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. గుర్రపు దళం పోయింది, మర్ఫా మాత్రం నిలిచింది. పెళ్ళిళ్ళలోకి వచ్చింది. అక్కడినుంచి తీన్‌మార్ బోనాలకూ, గణేశ్ నిమజ్జనానికీ వచ్చింది. ఇప్పుడు తీన్‌మార్ అంటే పక్కా తెలంగాణ దెబ్బ అని అందరూ అంటరు. అది నిజమే. సముద్రం దాటి వచ్చిందనేది కూడా నిజమే.

2. మెట్ల మీద వెతకటం (స్వరం)

రెండో రుజువు మన ప్రార్థన హాల్లోనే ఉంది. హార్మోనియం మూత తీయండి. తెల్ల మెట్ల మధ్య నల్ల మెట్లు ఉంటాయి. రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు. తెల్లవి అస్సలు ముట్టకుండా ఈ అయిదు నల్ల మెట్లనే వరుసగా పైకి వాయించాలి. ఎక్కడ మొదలుపెడితే దాన్నే 'స' అనుకోవాలి. ఏమవుతుందో చూడండి.

మూడింటి గుంపులో మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే మోహన రాగం స్వరాలు.
రెండో మెట్టు నుంచి అయితే మధ్యమావతి.
మూడో మెట్టు నుంచి అయితే హిందోళం.
రెండింటి గుంపులో మొదటి మెట్టు నుంచి శుద్ధ సావేరి.
రెండో మెట్టు నుంచి శుద్ధ ధన్యాసి.

మెట్లు అవే అయిదు. 'స' స్థానం మారితే రాగం మారిపోయింది. సంగీత శాస్త్రంలో దీన్ని గ్రహభేదం అంటారు. ఒకే ఇంట్లో అయిదుగురు అన్నదమ్ముల లాంటివి ఈ రాగాలు. కచేరీల్లో విడివిడిగా వింటే ఈ సంగతి తట్టదు.

ఇప్పుడు ఊళ్ళు దాటి పోదాం. మోహననే హిందుస్తానీలో భూపాలి అంటారు. 'మాయాబజార్' (1957) సినిమాలో వెన్నెల్లో పడవ మీద పాడే "లాహిరి లాహిరి" పాట మోహనలోదే. ఇంగ్లీషు వాళ్ళు డిసెంబర్ 31 అర్ధరాత్రి పాడుకునే "ఆల్డ్ లాంగ్ సైన్" అనే స్కాట్లండ్ పాట కూడా ఈ అయిదు స్వరాల మీదే నడుస్తుంది. చైనా వారి పాత సంగీతంలోనూ ఇవే అయిదు స్వరాలు ముఖ్యం. స్కాట్లండ్ వాళ్ళు మన దగ్గర నేర్చుకోలేదు, మనం వాళ్ళ దగ్గర నేర్చుకోలేదు. ఈ అయిదు స్వరాలు ఒకదానితో ఒకటి బాగా కలుస్తాయి, గొంతుకు సులువుగా పలుకుతాయి. అందుకే వేరు వేరు చోట్ల మనుషులకు ఇవి దొరికాయి.

హిందోళం సంగతి చూడండి. త్యాగరాజ స్వామి (1767–1847) "సామజవరగమన" కీర్తన హిందోళంలో ఉంది. అదే స్వరాలను హిందుస్తానీలో మాల్కౌఁస్ అంటారు. 'బైజూ బావ్‌రా' (1952) అనే హిందీ సినిమాలో మాల్కౌఁస్‌లో ఒక భజన ఉంది, "మన్ తడ్పత్ హరి దర్శన్ కో ఆజ్". రాసినవారు షకీల్ బదాయూనీ, బాణీ కట్టినవారు నౌషాద్, పాడినవారు మహమ్మద్ రఫీ. ముగ్గురూ ముస్లింలు, పాట హరి కోసం. తమిళదేశంలో కావేరి ఒడ్డున తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజ స్వామికీ, బొంబాయి సినిమా స్టూడియోకూ మధ్య ఈ అయిదు స్వరాల దారి ఉన్నది.

3. వచ్చిన దారి తెలుసుకోవటం (ప్రయాణం)

కొన్ని పాటలు తెలిసే తీసుకున్నవి. ముత్తుస్వామి దీక్షితార్ (1775–1835) కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరు. ఆయన మద్రాసు ప్రాంతంలో ఉన్నప్పుడు ఇంగ్లీషు వారి బ్యాండు విన్నారు. ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం రాశారు. వీటిని నోటుస్వరాలు అంటారు. ఇంగ్లండు రాజును కాపాడమని దేవుణ్ణి వేడుకునే వాళ్ళ జాతీయగీతం ఉన్నది కదా, ఆ బాణీలోనే ఆయన అమ్మవారి మీద "సంతతం పాహిమాం" రాశారు. అంత పెద్ద విద్వాంసుడు పరాయి బ్యాండు పాటను "వేరే రకం" అని తోసెయ్యలేదు. చెవి పెట్టి విన్నారు, తీసుకున్నారు.

ఒక జాగ్రత్త

మిత్రులారా, పోలిక కనబడగానే "ఇది దాని నుంచే వచ్చింది" అనకూడదు. వీణకు 24 మెట్లు ఉంటాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారు వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో వారికి పద్మశ్రీ వచ్చింది. రెండింటికీ బుర్రలున్నాయి, మెట్లున్నాయి, 24లో సగం 12. అయినా అంకె కలిసినంత మాత్రాన వీణ నుంచి కిన్నెర పుట్టిందనో, కిన్నెర నుంచి వీణ పుట్టిందనో రాస్తే పరీక్షలో సున్నా వస్తుంది. ఎవరి నుంచి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు చేరింది అనే దారి కూడా చూపించాలి. మర్ఫాకు ఆ దారి ఉంది. దీక్షితార్ నోటుస్వరాలకు ఉంది. మోహనకూ స్కాట్లండ్ పాటకూ ఆ దారి లేదు. అక్కడ స్వరాలు మాత్రమే కలిసినయి.

ఇంకొక మాట. రాగమంటే మెట్ల వరుస ఒక్కటే కాదు. స్వరాన్ని ఊపే తీరు ఉంటుంది, దాన్ని గమకం అంటారు. హార్మోనియం మీద గమకం సరిగ్గా పలకదు. కాబట్టి మెట్లు మనకు చుట్టరికం చూపిస్తాయి కానీ మనిషిని పూర్తిగా చూపించవు.

ఇక మన పాట

మా దాదీ తీజ్ పండుగ పాటలు పాడుతుంది. తీజ్ అంటే మా లంబాడీల పండుగ. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. దాదీ పాట ఒకటి నాకు నోటికి వచ్చు. దాన్ని నల్ల మెట్ల మీద వెతికిన. మూడింటి గుంపులోని మూడు మెట్లు, దాని పైన ఇంకొక మెట్టు, మొత్తం నాలుగే. స, రి, గ, ప. లెక్క మూడు మూడుగా ఆరు. నాలుగు స్వరాలకే "ఇది మోహన రాగం" అనకూడదు. మోహనలో ఉన్న అయిదింటిలో నాలుగు ఈ పాటలోనూ ఉన్నాయి అనాలి. అంతమాత్రం చాలు. తక్కువ స్వరాల పాట తక్కువ పాట కాదు. నాలుగు మెట్ల మీద తొమ్మిది రోజులు విసుగు పుట్టకుండా పాడటం చిన్న పని కాదు.

బంజారా తండాలో పుట్టిన గాయని మంగ్లి తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. ఇవాళ బతుకమ్మ పాట, తండా పాట, సినిమా పాట అన్నీ పాడుతున్నారు. ఒక గొంతులో ఇన్ని రకాలు ఇముడుతున్నప్పుడు మన వేదిక మీద ఇమడవా?

ఇది నవ్వులాట విషయం కాదు. కోయల డోలి వాయించి సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో వారు చనిపోయారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. వారు కూడా 2024లోనే చనిపోయారు. త్యాగరాజ స్వామి కీర్తనలను శిష్యులు రాసిపెట్టుకున్నారు కాబట్టి మనకు మిగిలినయి. మా దాదీకి శిష్యులు లేరు. మనమే ఉన్నాం. పాట పోయిన తర్వాత దానికి చుట్టాలెవరో వెతికి ఏం లాభం?

సెలవుల పని

ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క పాట తేవాలి. తండాది, గూడెంది, పెంటది, ఏదైనా సరే. నోటుబుక్కులో ఇవి రాయాలి.

1) ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏ ఊరు?
2) ఏ పనికి, ఏ పండుగకు పాడుతారు?
3) చప్పట్లు కొడితే లెక్క మూడా, నాలుగా, అయిదా, ఏడా?
4) హార్మోనియం మీద ఎన్ని మెట్లు? ఏవేవి?
5) దీనిలాగ వినిపించే వేరే పాట ఏది? కీర్తనా, ఖవ్వాలీనా, సినిమా పాటా?

అయిదో ప్రశ్నకు తొందరపడి జవాబు రాయవద్దు. ముందు మూడు, నాలుగు సరిచూసుకోండి.

వార్డెన్ గార్లకు విన్నపము: ఆదివారం సాయంత్రం ఒక గంట హార్మోనియం వాడుకోవటానికి అనుమతి ఇవ్వగలరు. పాటలు రాయటానికి లైబ్రరీలో ఒక పెద్ద రిజిస్టరు పెట్టించగలరు. ఈ ఏడు వార్షికోత్సవంలో పాటలను రకాన్ని బట్టి కాకుండా లెక్కను బట్టి వరుస పెడదాం. తీజ్ పాట, దాని వెనుక దాద్రా తాళంలో ఒక గజల్, దాని వెనుక తీన్‌మార్ దెబ్బ. మోహనలో ఒక కీర్తన, దాని వెనుక "లాహిరి లాహిరి". ఏది ఎవరి పాటో ముందుగా చెప్పకుండా పాడదాం. చుట్టరికం ఎంతమందికి వినబడుతుందో అప్పుడు చేతులెత్తించి లెక్కపెడదాం.