ఎగుడుదిగుడు నేల మీద మేపుల్ రసం

ఈతచెట్టుకు కల్లు లొట్టి కట్టి ఉండడం మీరు చూసే ఉంటారు. చెట్టుకొక లొట్టి. ఉత్తర అమెరికాలో మేపుల్ చెట్ల నుంచి తీపి రసాన్ని చాలాకాలం ఇలాగే, చెట్టుకొక బకెట్టు తగిలించి పట్టేవారు. ఇప్పుడు కెనడాలోని క్విబెక్‌లో, అమెరికాలోని వెర్మాంట్‌లో పెద్ద తోటల్లో బకెట్ల బదులు ప్లాస్టిక్ గొట్టాలు కనిపిస్తాయి. సన్న గొట్టాలు చెట్టు నుంచి చెట్టుకు సాగి, లావుపాటి గొట్టంలో కలిసి, దిగువనున్న తొట్టికి చేరతాయి. అయితే అక్కడి కొండ నేల సమంగా ఉండదు. చిక్కు అక్కడే.

ముందు రసం ఎందుకు కారుతుందో చూద్దాం. చలికాలం ముగిసే రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోయి, పగలు పైకి వస్తుంది. రాత్రి గడ్డకట్టేటప్పుడు చెట్టు వేళ్ల నుంచి నీటిని పైకి లాక్కుంటుంది. పగలు మంచు కరిగితే కాండం లోపలి పీడనం బయటి గాలి పీడనాన్ని మించుతుంది. అప్పుడు కాండానికి చేసిన సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం గుండా రసం బయటికి వస్తుంది. అందులో చక్కెర నూటికి 2 పాళ్లే. లీటరు పాకానికి దాదాపు 40 లీటర్ల రసం మరగించాలి! పైగా ఇది కొద్ది వారాల పంట. గొట్టం రెండు రోజులు మూసుకుపోతే ఆ రసం పోయినట్టే.

గొట్టానికి 100 మీటర్ల పొడవున కనీసం 2 మీటర్ల దిగుడు ఉండాలని అక్కడివారి లెక్క. గమనించండి, ఈ దిగుడు గొట్టానికి కావాలి, నేలకు కాదు. మధ్యలో గుంట వస్తే గొట్టం గుంటలోకి దిగనక్కరలేదు. బిగించి కట్టిన ఉక్కుతీగ ఆధారంతో గాలిలోనే దాటిపోతుంది. మిట్ట వస్తేనే కష్టం.

ఒక లెక్క వేద్దాం. తొట్టికి 60 మీటర్ల దూరంలో ఒక చెట్టు ఉంది. అక్కడ గొట్టం తొట్టి అంచుకన్నా 1.2 మీటర్ల ఎత్తున ఉండాలి. సగం దూరంలో 0.6 మీటర్లు. కాని ఆ సగం దూరంలో నేలే 1 మీటరు ఎత్తున ఉంటే? గొట్టం భూమిలో దూరాలి! దానిని నేల మీదుగా పోనిస్తే, చెట్టు దగ్గర 1 + 0.6, అంటే 1.6 మీటర్ల ఎత్తున కట్టాలి. అంత ఎత్తు దొరక్కపోతే మిట్టను చుట్టి పోవాలి. తొట్టిని ఎంత దిగువకు జరిపినా లాభం లేదు. ఎందుకో కాగితం మీద గీసి చూడండి.

ఇది చెప్పగానే మా తరగతిలో ఒకడు లేచి, "సైఫన్ పద్ధతిలో మిట్ట దాటించవచ్చు కదండీ" అన్నాడు. మంచి ప్రశ్నే. కాని సైఫన్ నడవాలంటే గొట్టంలో ధార తెగకూడదు. మేపుల్ చెట్టు రసంతోపాటు వాయువును కూడా వదులుతుంది. వెడల్పు గొట్టంలో ఆ బుడగలు మిట్ట పైన చేరి ధారను తెంచేస్తాయి.

వాలు బాగా ఉన్నచోట ఇందుకు భిన్నమైన వింత జరుగుతుంది. లోపలి వెడల్పు 5 మిల్లీమీటర్లకు లోపున్న సన్న గొట్టంలో బుడగలు రసాన్ని తప్పించుకుని పైకి పోలేవు. రసం గొట్టం నిండా వేలాడుతూ, తన బరువుతో పై రసాన్ని లాగుతుంది. 1 మీటరు దిగుడుకు పాదరసం లెక్కలో సుమారు 7 సెంటీమీటర్ల పీడనం తగ్గగలదు. బుడగలున్న మేరకు ఆ లాగుడు తక్కువ. పంపు లేకుండానే రసం ఎక్కువగా వస్తుంది.

ఖాళీ గొట్టానికి వాలు చూసుకుని ఊరుకుంటే మాత్రం పొరపాటే. రసం నిండగానే అది బరువెక్కి ఊతాల నడుమ కుంగుతుంది. కుంగినచోట నిలిచిన రసం రాత్రి గడ్డకట్టి, మర్నాడు పైచెట్ల రసానికి అడ్డుపడుతుంది. ఎండ తగిలితే సూక్ష్మజీవులు పెరిగి పాడవుతుంది కూడా.

మీ బడి ఆవరణలో దీనిని పరీక్షించవచ్చు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే నీళ్ల గొట్టంతో, 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు చెట్ల మీద ఒకే మట్టం గుర్తించండి. ఒక గుర్తును 20 సెంటీమీటర్లు దించి, ఆ రెండింటి మధ్య తాడు బిగించి, దాని వెంట సన్న గొట్టం కట్టండి. కొలిచిన నీళ్లు పోయండి. తరువాత మధ్యలో తాడును చేత్తో బాగా కిందికి నొక్కి పట్టుకుని మళ్లీ పోసి, రెండుసార్లూ కింది చెంబులో పడిన నీళ్లు కొలిచి రాసుకోండి.