బోటు అడుగున నీళ్ళు

పోలవరం,
ఏప్రిల్ నెలాఖరు.

మేనల్లుడా, 2021లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించాక పాపికొండల లాంచీలు గండిపోచమ్మ గుడి దగ్గర్నుంచే బయల్దేరుతున్నాయి. మన రేవులో పనేముంది? నువ్వు కాకినాడ వెళ్ళి వేట బోటులో చేరి మంచిపనే చేశావు.

ఫోన్లో నువ్వన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. బోటు అడుగున రాత్రి తోడేసిన నీళ్ళు తెల్లారేసరికి మళ్ళీ చేరుతున్నాయనీ, డ్రైవరేమో "మోటారేసి తోడెయ్, అంతే" అంటున్నాడనీ చెప్పావు. వద్దురా అబ్బాయ్. ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియకుండా తోడేస్తే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా. బోటు కదలకుండా కట్టేసి ఉన్న ఈ రోజుల్లో వెతకకపోతే ఇంకెప్పుడు వెతుకుతావు?

ముందు ఆ నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా చూడు. పైన డీజిల్ తెట్టె ఉంటే నోట్లో పెట్టకు. తెట్టె పక్కకి నెట్టి, అడుగునుంచి ఓ చుక్క వేలికి తీసుకుని నాలిక్కి తగిలించి ఉమ్మెయ్. మాకు ఇక్కడ ఈ సుఖం లేదు. లాంచీలో చేరినవి ఏటి నీళ్ళో, తాగే నీళ్ళ డ్రమ్ము కారినవో రుచి చూస్తే తెలిసేది కాదు, రెండూ గోదారి నీళ్ళే. నీకు సముద్రం ఆ సాయం చేస్తోంది. అయితే వరద రోజుల్లో గోదారి పాయల నీళ్ళు దిగి కాకినాడ బేలో ఉప్పు తగ్గిపోతుంది, అప్పుడు ఈ పరీక్ష నమ్మకు. ఏప్రిల్లో భయం లేదు.

చప్పగా ఉంటే తాగే నీళ్ళ ట్యాంకో, దాని పైపో. వేట రోజుల్లో అయితే ఐసు కరిగిన నీళ్ళు కూడా కావచ్చు, వాటికి చేప వాసన ఉంటుంది. ఉప్పగా ఉంటేనే అసలు పని.

ఉన్న నీళ్ళన్నీ తోడి, పాతగుడ్డతో అడుగంతా పొడిగా తుడువు. ఇంజను ఆపి, చల్లటి నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వు మూసెయ్. రెండు మూడు గంటలాగి టార్చి వేసి చూడు. వాల్వు మూసినా నీళ్ళొస్తుంటే అడుగు చెక్కల సందునైనా, షాఫ్టు బయటికెళ్ళే గ్లాండునైనా, ఆ వాల్వు మొదలునైనా అనుమానించాలి. మూస్తే ఆగి, తెరిస్తే వస్తుంటే వాల్వుకీ పంపుకీ మధ్య ఉన్న హోస్ పైపుదే తప్పు. రెంటికీ రాకుండా ఇంజను వేసినప్పుడు మాత్రమే వస్తుంటే పంపు సీలు, పొగగొట్టంలోకి నీళ్ళు పోయే పైపు చూడు. ఒక జాగ్రత్త: వాల్వు మూసి ఉంచి ఇంజను స్టార్టు చేశావంటే పంపులో రబ్బరు ఇంపెల్లర్ నీళ్ళు లేక మాడి ముక్కలవుతుంది. తాళం చెవి నీ జేబులో పెట్టుకునే ఈ పని చెయ్.

జాయింటు ఎక్కడ కారుతోందో కంటికి ఆనకపోతే తుడిచి, దాని మీద పొడి ముగ్గుపిండి చల్లు. మొదట ఎక్కడ తడి మచ్చ పడితే అక్కడే లీకు. పైపు వెంట జారి నీళ్ళు ఎక్కడో రెండు మూరల అవతల చుక్కలు పడుతుంటాయి, జనం అక్కడే కట్లు కడుతుంటారు.

గ్లాండు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, కుర్రాళ్ళంతా పాడుచేసేది దాన్నే. తాడు ప్యాకింగ్ వేసిన గ్లాండు షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి నాలుగు చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఒక్క చుక్క కూడా రాకూడదని బిగించేస్తే ప్యాకింగ్ మాడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత కొత్త తాడు వేసినా ఆగదు. బిగించాల్సొస్తే రెండు నట్లూ సమంగా, ఒక్కోసారి పావు చుట్టు చాలు. ఇంజను నడిపి, గ్లాండు మీద చెయ్యి పెట్టు. చెయ్యి ఆనించలేనంత కాలితే వదులు చెయ్యి. షాఫ్టు తిరుగుతుంటుంది, లుంగీ, తువ్వాలు దగ్గరికి రానీకు. ప్యాకింగ్ మార్చేటప్పుడు బోటు గట్టెక్కించాల్సిందే. పాత తాడు ముక్క మిగలకుండా లాగెయ్. కొత్త చుట్లు విడివిడిగా కోసి, అతుకులు ఒకే వరసలో పడకుండా మార్చి మార్చి పెట్టు.

ఇత్తడి వాల్వు ఉంటే కత్తిమొనతో కాస్త గీకి చూడు. లోపల పసుపుపచ్చగా మెరిస్తే సరే. గులాబీరంగు కనిపిస్తే అందులో జింకు ఉప్పునీళ్ళకి పోయిందని, మిగిలింది బోలు రాగి. అది పిడికిట్లో విరుగుతుంది. మళ్ళీ ఇత్తడి కొనకు, కంచుది వెయ్యమను. ఇత్తడికి జీఐ పైపు తగిలించినా ఉప్పునీళ్ళు ముందు ఆ ఇనుమునే తినేస్తాయి. హోస్ పైపుకి ప్రతి కొసనా స్టెయిన్‌లెస్ క్లిప్పులు రెండేసి ఉండాలి. ఎంసీల్ ముద్ద ఒడ్డుకి చేరేదాకా పనికొస్తుంది, సీజనంతా దాని మీద ఆధారపడితే తెలివితక్కువ.

ఇంత చాదస్తం ఎందుకంటావా? నీళ్ళకి మీటరు లోతున అంగుళం కన్నం పడితే నిమిషానికి 70, 80 లీటర్లు లోపలికొస్తాయి. రెండంగుళాల పైపు ఊడితే దానికి నాలుగింతలు. అందుకే ప్రతి వాల్వు పక్కనా దాని కంతకి సరిపడే మెత్తటి చెక్క బిరడా దారంతో కట్టి ఉంచు. పైగా అడుగున నిలిచిన నీళ్ళు ఒక్కచోట ఉండవురా, బోటు ఒరిగిన పక్కకే పరిగెత్తి ఇంకా ఒరిగిస్తాయి. 2019 సెప్టెంబరు 15న మనకి ఎగువన కచ్చులూరు దగ్గర బోల్తాపడ్డ బోటు లీకు వల్ల మునగలేదు గానీ, ఒరగడం మొదలయ్యాక ఎవరికీ వ్యవధి ఉండదని ఈ ఏటి పొడవునా అందరికీ తెలుసు. అది పైకి రావడానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

బోటు షావుకారు ఖర్చంటాడు. గీకిన వాల్వు చూపించి అడుగు, ఊరికే చెబితే వినడు. అప్పటికీ కొత్తది వెయ్యనంటే ఆ బోటెక్కకు, కాకినాడలో ఇంకో బోటు దొరక్కపోదు. వచ్చే ఆదివారంలోపు వాల్వు పిడి పూర్తిగా మూసుకుంటోందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య