తూము పక్కన బురద నీరు

చెరువు కట్ట మట్టితో కట్టింది. ఒక పక్క నిండా నీళ్లు. ఇంకో పక్క మన పొలాలు, మన ఇళ్లు. నీళ్లు పొలానికి రావాలి. కానీ కట్ట తెగకూడదు. అందుకే కట్టకు తూము పెడతారు.

తూము ఎలా ఉంటుంది?

పాత చెరువుల్లో చూడండి. నీళ్లలో రెండు రాతి స్తంభాలు ఉంటాయి. వాటి మధ్య కంతలున్న రాతి పలకలు. కంతల గుండా ఒక పొడుగు కొయ్య దిగుతుంది. కొయ్య చివర బిరడా ఉంటుంది. కొయ్య ఎత్తితే నీళ్లు కట్ట కింది దారిలో పడి కాలువకు వస్తాయి. దించితే ఆగుతాయి.

పెద్ద జలాశయాల్లో కాంక్రీటు బురుజు కడతారు. దానికి ఇనుప తలుపులు పెడతారు. ఖాళీ బిందెను నీళ్లలో ముంచి చూడండి. పైకి తన్నుకొస్తుంది కదా! ఖాళీ బురుజును కూడా నీరు అలాగే పైకి తోస్తుంది. అందుకే దాని పునాది వెడల్పుగా, బరువుగా వేస్తారు.

తలుపు నీళ్ల వైపే ఎందుకు?

తలుపు పొలం వైపు పెట్టారనుకోండి. కట్ట కింది దారిలో ఎప్పుడూ నీళ్లు నిండి ఉంటాయి. ఎక్కడైనా పగులు వస్తే ఆ నీళ్లు కట్ట మట్టిలోకి చిమ్ముతాయి. నీళ్ల వైపే మూస్తే ఆ భయం తక్కువ.

ప్రమాదం ఎక్కడుంది?

తూము దారి రాయి. చుట్టూ ఉన్నది మట్టి. రెండూ గట్టిగా అతకాలి. అందుకే జిగట మట్టిని పలచగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. లేకపోతే సందులో నీరు దూరుతుంది. కొంచెం కొంచెంగా మట్టిని మోసుకుపోతుంది. కట్ట లోపల గుల్ల అవుతుంది. పైకి కనబడదు. ఒకనాడు తెగుతుంది.

ఈ సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. ఆ చెరువు కట్టడానికి రోజుకు 1000 మంది, రెండేళ్లు పనిచేశారని అందులో ఉంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా రాశారు. కట్ట నుంచి నీరు ఊరడం అందులో ఒకటి.

మనం ఏం చెయ్యాలి?

వానాకాలంలో కట్ట దిగువన నడిచి చూడాలి. తేట నీరు ఊరుతోందా? రోజూ కనిపెట్టి ఉండాలి. బురద నీరు వస్తోందా? కట్ట మట్టి పోతోందన్నమాట. వెంటనే సర్పంచికి, నీటిపారుదల ఇంజనీరుకు, తహసీల్దారుకు చెప్పాలి. దిగువన ఉన్నవాళ్లను హెచ్చరించాలి. గుడ్డలు, మట్టి కుక్కితే లాభం లేదు. నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది.

బట్టలు ఉతకడానికి, గేదెలు కడగడానికి, కూలికి పోవడానికి ఆడవాళ్లం కట్ట మీదే నడుస్తాం. కాబట్టి ముందు కనబడేది మనకే.

మాట్లాడుకుందాం
1. మీ ఊరి చెరువుకు తూములు ఎన్ని?
2. తూము మూసినా కాలువలో నీరు వస్తోందా? తేటగా ఉందా, బురదగా ఉందా?
3. ఎవరికి చెప్పాలి? పేర్లు రాసుకోండి.