ఏ రెండు కొసల మధ్య?

వండూర్,
ఆదివారం

చిరంజీవి మేనకోడలికి,

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు నీకు బాగా నచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు ఫోన్లో అడిగినదానికి ఉత్తరం రాస్తానన్నాను కదా, అంకెలు కాగితం మీద ఉంటేనే నిలుస్తాయి.

నీ లెక్క ఇది. మీ నాన్న బోటు లైటు మీద 12 వోల్టులు, 60 వాట్లు అని ఉంది. 60ని 12తో భాగిస్తే కరెంటు 5 ఆంపియర్లు. 12ని ఆ 5తో భాగిస్తే రెసిస్టెన్స్ 2.4 ఓములు. అంతా సరిగ్గానే ఉంది, మరి లైటు గుడ్డిదీపంలా ఎందుకు వెలుగుతోంది అని అడిగావు. అమ్మలూ, నువ్వు వేసిన 12 లైటు మీద అచ్చేసిన 12. దాని కొసలకు నిజంగా ఎంత అందుతోందో ఎవరూ చూడలేదు.

జాలీబాయ్ వెళ్ళిన టూరిస్టు బోట్లన్నీ తిరిగొచ్చాక, నిన్న సాయంత్రం మీటరు పట్టుకుని వెళ్ళాను. లైటు వెలుగుతుండగానే బ్యాటరీ కొసల మీద పెడితే 12.0 వోల్టులు. లైటు కొసల మీద పెడితే 9.6. కరెంటు 4.4 ఆంపియర్లు. ఇప్పుడు గుణించు: 9.6 × 4.4 అంటే సుమారు 42 వాట్లు. అరవై రాకపోవడానికి కారణం దొరికింది. 9.6ని 4.4తో భాగిస్తే దాదాపు 2.2 ఓములు. నీ 2.4 ఎందుకు తగ్గిందంటావేమో, ఫిలమెంటు వేడి తగ్గితే దాని రెసిస్టెన్సూ తగ్గుతుంది. లైటు ఆర్పి, చల్లగా ఉన్నప్పుడు ఓముల్లో కొలిస్తే ఇంకా చాలా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి లెక్క వేయకు.

మిగిలిన 2.4 వోల్టులు ఎక్కడ పోయాయి? దారిలో ఒక్కో ముక్కకూ అటూ ఇటూ మీటరు కొసలు ఆనించి చూశాను. ఫ్యూజు దగ్గర 0.2, స్విచ్చి దగ్గర 0.1, తీగల్లో 0.2. నెగటివ్ తీగ చివరి లుగ్గు దగ్గర మాత్రం 1.9! 1.9ని 4.4తో భాగిస్తే 0.43 ఓము. చూడటానికి ఎంత చిన్న అంకె! కానీ 1.9 × 4.4 అంటే 8 వాట్ల పైమాటే, అదంతా చిటికెన వేలంత లుగ్గులో. ముట్టుకుంటే చురుక్కుమంది. విప్పి చూస్తే రాగి పోగులకు ఆకుపచ్చ చిలుము. ఉప్పుగాలి ఊళ్ళో జాయింటు బతుకు ఇంతే. దాన్ని అలాగే ఉంచాను. నువ్వొచ్చి తీగ కొత్త రాగి కనిపించేదాకా కోసి, లుగ్గు గట్టిగా నొక్కి, పైన గ్రీజు పూసి, మళ్ళీ కొలిచి నోటుబుక్కులో రాసుకో.

ఇక్కడ ఒక్క మాట పట్టుకో. వోల్టేజి ఎప్పుడూ రెండు కొసల మధ్యది. ఏ వస్తువు లెక్క కావాలో ఆ వస్తువు కొసల మధ్యే, అది పని చేస్తుండగానే కొలవాలి. కరెంటూ అదే క్షణానిది కావాలి. కొలోన్‌లో బడిపంతులుగా ఉన్న గేయార్గ్ ఓమ్‌కీ మొదట్లో ఇదే చిక్కు. ఆనాటి బ్యాటరీ కరెంటు తీస్తున్నకొద్దీ నిలకడ తప్పేది. అందుకని 1826లో బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్‌కు మారాడు. ఒక కొస మరిగే నీళ్ళకు, ఒక కొస మంచుకు అమర్చి నిలకడైన వోల్టేజి సంపాదించాకే అంకెలు దారికొచ్చాయి. ఆ సూత్రం మీద 1827లో పుస్తకం వేశాడు.

ఇంట్లో సంగతి చూడు. 1000 వాట్ల హీటర్ రాడ్డు 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది, రెసిస్టెన్స్ 52.9 ఓములు. సాయంత్రం అందరి లోడూ పడి వోల్టేజి 190కి దిగిందనుకో. కరెంటు 3.59కి తగ్గుతుంది, పవర్ 682 వాట్లకు పడిపోతుంది. వోల్టేజి తగ్గింది ఆరో వంతు, పవర్ తగ్గింది మూడో వంతు. వోల్టేజితో పాటు కరెంటూ తగ్గుతుంది, రెండూ గుణకారంలో ఉన్నాయి కదా! నీళ్ళు కాగలేదని రాడ్డును తిట్టేముందు సాకెట్లో మీటరు పెట్టు.

ఫ్రిజ్జు, ఫ్యాను, నీళ్ళ మోటారు దగ్గర ఈ గుణకారం సరిగ్గా వాట్లివ్వదు, పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి. 230 వోల్టులు, 1 ఆంపియర్, పవర్ ఫ్యాక్టర్ 0.6 అయితే 138 వాట్లే. కరెంటు కొలిచేటప్పుడు టంగ్ టెస్టర్ ఒక్క తీగ చుట్టూనే వేయి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది, కరెంటు లేదనుకుని మోసపోతావు.

మన అండమాన్ దీవులకు మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో లైను లేదు. ఎన్.ఎల్.సి. కంపెనీ వాళ్ళ 20 మెగావాట్ల సోలార్ ప్లాంటు వచ్చినా, డీజిల్ జనరేటర్ల మీద ఆధారం తప్పలేదు. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. చిలుము పట్టిన జాయింట్లలో వేడైపోయేది అంత దూరం తెచ్చుకున్న కరెంటే.

చివరిగా, ఒంటికీ ఇదే సూత్రం. తడి ఒంటి రెసిస్టెన్స్ వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు, గుండె ఆగడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. అందుకే ఇళ్ళల్లో 30 మిల్లీ ఆంపియర్లకే లైను కొట్టేసే ఆర్.సి.సి.బి. పెడతారు. ఓముల్లో కొలిచేముందు మెయిన్ ఆపు, ఆపాక కూడా వోల్టేజి లేదని మీటరుతో చూసుకో. ఉప్పునీళ్ళలో తడిసిన చేతులతో ఇంటి లైను ముట్టుకోకు. ఎంత తొందరపెట్టినా, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇట్లు,
మీ మామయ్య