స్పిట్‌ఫైర్ మీటర్లు రెండూ ఎక్కువ చూపిస్తుంటే

ప్రశ్న: నా దగ్గర 1978 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు ఉంది. సగం ట్యాంకు పెట్రోలుకే ముల్లు ఫుల్ చూపిస్తోంది. ఇంజిన్ బాగానే ఉన్నా టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతోంది. మీటర్లు మార్చాలా? బల్బుల బదులు ఎల్‌ఈడీలు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: దయచేసి ఆ మీటర్లు మార్చకండి. రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయంటే అనుమానించాల్సింది వాటికి కరెంటు అందించే వోల్టేజ్ స్టెబిలైజర్‌ని. స్పీడోమీటర్ వెనక స్క్రూతో బిగించిన చిన్న రేకు డబ్బా అది. లోపలి పట్టీ వేడెక్కి వంగితే కరెంటు తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. ఇలా తెగుతూ కలుస్తూ 12 వోల్టులు సగటున 10కి దిగుతాయి. డబ్బాకు ఆ స్క్రూ ద్వారా ఎర్త్ అందకపోతే పట్టీ వేడెక్కదు, మొత్తం 12 వోల్టులూ మీటర్లకు పోతాయి. ముందు బ్యాటరీ వైరు విప్పండి. ఆ స్క్రూ కింది తుప్పును గరుకు కాగితంతో గీకి, మళ్లీ గట్టిగా బిగించి చూడండి. చాలా బండ్లలో రోగం అక్కడే ఉంటుంది. కుదరకపోతే ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ వేయించండి. పాత డబ్బాలోనే ఇమిడ్చితే అసలు రూపం చెడదు, నాకు నచ్చే పద్ధతి అదే.

మీటర్ల వెలుగుకు ఎల్‌ఈడీలు నిరభ్యంతరంగా వేసుకోండి. ఛార్జింగ్ హెచ్చరిక దీపం జోలికి మాత్రం పోవద్దు. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. మామూలు ఎల్‌ఈడీ అంత కరెంటును పోనివ్వదు.