ట్రాలీ వెనుకనుండు ఎఱ్ఱ దీపము

ఈ నెల పాఠమునకు మన కళ్లములలో నిలిచియుండు ట్రాక్టరు ట్రాలీని తీసికొందము. వడ్లు, పత్తి, చెరకు దీనిమీదనే పోవును. కూడదని చట్టము చెప్పుచున్నను, పెండ్లివారును కూలికి పోవు స్త్రీలును దీనిమీదనే కూర్చుందురు. ట్రాక్టరు ముందు దీపములు ఆరిపోయినయెడల యజమానుడు ఆ పూటకే బాగుచేయించును. అవి లేక అతనికి దారి కనబడదు. వెనుక దీపమో అతని కంటికి కానరాదు. అది వెనుకవచ్చు పరునికొరకైనది. కావుననే అది ఆరిపోయి నెలలు గడచినను అడుగువారు లేరు.

ఒక లెక్క చూతము. ట్రాలీ గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. వెనుకనుండి కారు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నది. దించిన దీపపు వెలుగులో 40 మీటర్ల దూరమున ట్రాలీ కనబడినదనుకొందము. ఆ దూరము రెండున్నర సెకనులలో తరిగిపోవును. బురద రంగు పలకలు, వాటిపైన గడ్డి. ఎంతటి చురుకైన డ్రైవరుకైనను ఆ వ్యవధి చాలదు. ప్రొద్దుగ్రుంకిన అరగంటనుండి ప్రొద్దుపొడుచుటకు అరగంట ముందువరకు బండికి దీపములు వెలుగవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు ఊరకే చెప్పలేదు.

దీపము వెలుగనప్పుడు మనవారు మొదట బల్బు మార్చుదురు. అయితే తప్పు తరచుగా బల్బునందు లేదు, ఎర్తునందున్నది. విద్యుత్తు బ్యాటరీనుండి బల్బుకు పోయినంతమాత్రమున చాలదు. తిరిగి బ్యాటరీకి చేరవలెను. ట్రాక్టరులో పోవు దారి తీగ, వచ్చు దారి ఇనుప చట్రము. మరి ట్రాలీ చట్రమునకు ట్రాక్టరుతో సంబంధమేది? కొక్కెములోని పిన్నొకటే గదా! ఆ పిన్ను గ్రీజుతోను త్రుప్పుతోను మట్టితోను కప్పబడి, గతుకులలో ఎగిరిపడుచుండును. ఇండికేటరు వేయగా వెనుక దీపము కూడ దానితోపాటు మినుకుమన్నను, బ్రేకు త్రొక్కగా ఎరుపు మందగించినను, ఎర్తు చెడినదని మొదట అనుమానింపవలెను. తిరిగివచ్చు దారిలేని విద్యుత్తు మరియొక బల్బు గుండ దారి వెదకుకొనుచున్నది.

కావున పిన్నును నమ్మక, సాకెట్టునుండి ప్రతి దీపమువరకు ఎర్తుకు వేరుగా తీగ లాగవలెను. ఇది ముఖ్యము. దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగయు, ఎర్తుకు 2.5 తీగయు చాలును. పని ఆరంభింపకముందు బ్యాటరీ నెగెటివు తీగను విప్పవలెను. పాత తీగలకు అతుకులమీద అతుకులు వేయుటకంటె, మొత్తము తీసివేసి క్రొత్తవి లాగుట మేలు. తీగలను గొట్టములో దూర్చి చట్రము లోపలివైపున కట్టవలెను. కప్పులేని తీగను ఎలుకలు కొరకును, ఎరువు బస్తాల ఉప్పు తినును. ఎర్తును చట్రమునకు కూడ బిగించునప్పుడు, రంగును ఉప్పుకాగితముతో గీకి తెల్లని ఇనుము కనబడిన తరువాతనే బోల్టు వేయవలెను.

ఏడు కాళ్ల సాకెట్టుకు అంతర్జాతీయ పద్ధతి యొకటి కలదు. తెలుపు ఎర్తు; పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు; ఎరుపు బ్రేకు; నలుపు ఎడమ వెనుక దీపము, గోధుమరంగు కుడిది. నీలము మంచు దీపమునకు. మన ట్రాలీలకు అది తరచుగా ఖాళీయే. ఎడమ యనగా బండి పోవు దిక్కునకు ముఖముంచి నిలిచినవాని ఎడమ. అయితే పాత బండ్లలో ఎవరి రంగులు వారివే. రెండు తీగలు తగిలించిన చిన్న బల్బుతో ఒక్కొక్క కాలిని పరీక్షించిన పిమ్మటనే కలుపవలెను.

రెండు పోగుల బల్బులో 5 వాట్లది వెనుక దీపము, 21 వాట్లది బ్రేకు దీపము. ప్రక్కనున్న బొడిపెలు సమానమైన ఎత్తున నుండవు గనుక తలక్రిందులుగా బలవంతముచేసి దూర్చరాదు. ఎల్.ఇ.డి. దీపములు బ్యాటరీపై భారము తగ్గించును, అదురుకు ఓర్చును. వాటిని పెట్టిన తరువాత ఇండికేటరు త్వరత్వరగా కొట్టుకొనినయెడల బెదరనక్కరలేదు. భారము తగ్గుటచేత బల్బు పోయినదని రిలే భ్రమపడుచున్నది. వాటికి తగిన రిలే వేయింపవలెను.

ఫ్యూజు పోయినప్పుడు రాగిపోగు చుట్టుట మన యూళ్ల వాడుక. అది మరమ్మతు కాదు. తీగ కాలి, పైనున్న గడ్డికి నిప్పంటుకొనవచ్చును.

అమెరికా దేశమున పడవలను ట్రాలీమీద తెచ్చి నీటిలో దింపువారు ముందుగా ప్లగ్గు ఊడదీయుదురు. వేడెక్కిన బల్బుకు చన్నీరు తగిలినచో పగులును. కాలువ దాటించు మనవారికిని ఇది పనికివచ్చును.

చెరకు గడలు వెనుకకు వ్రేలాడి దీపములను కప్పునట్లు నింపినచో పైన చేసిన పనియంతయు వ్యర్థమే. కట్టు బిగించిన పిమ్మట ఇరువది అడుగులు వెనుకకు నడిచి చూడవలెను. వెనుకను ఎఱ్ఱని మెరుపు పట్టీ, ప్రక్కలను పసుపు పట్టీ అంటించినచో బ్యాటరీ నిలిచిపోయినను అవి ఎదుటి వెలుగుతోనే మెరయును. చక్రము పగిలి రోడ్డుప్రక్క నిలిచినప్పుడు కొమ్మలు, రాళ్లు పెట్టుచుందుము. చక్రము మార్చిన తరువాత ఆ రాళ్లను తీసివేయక బండి కదలింపరాదు.